పద్నాలుగేళ్ల చేతిలో కుంచె

(చిత్రకారుడు దామెర్ల రామారావు స్మృత్యర్థం చేసిన ప్రసంగ పాఠం)



దామెర్ల రామారావు గారు 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు ఇంకా నిండలేదు. అంత కొద్ది కాలంలోనే బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, సొంత ఊరికి తిరిగొచ్చి, తోటి చిత్రకారుల్ని కూడగట్టి, తెలుగునేలకు ఒక ఆధునిక చిత్రకళా మార్గం వేసి వెళ్లారు. భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టారు. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'కార్తీక పౌర్ణమి' వంటి చిత్రాల గొప్పతనం చెప్పగల విమర్శకులు ఈ సభలోనే ఉన్నారు. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. నాకు తెలిసిన వైపు నుంచే ఆయన్ని తలుచుకుంటాను. చిత్రకారుడు కాకముందు ఆయన బొమ్మలు వేసే ఒక కుర్రాడు. ఆ కుర్రాడి బొమ్మల దగ్గర ఒక పెద్దమనిషి ఆగి, నిదానంగా చూశారు.

అలా చూసినవారు ఓస్వాల్డ్ కూల్డ్రే. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు. స్వయంగా రచయిత, బొమ్మలు వేసే మనిషి. ఆయన చేరదీసిన విద్యార్థుల్లో అడివి బాపిరాజు గారు కూడా ఉన్నారు. కూల్డ్రే పాలకుల దేశం నుంచి వచ్చినవారు. అయినా ఆ కుర్రాళ్ల చూపును అజంతా వైపు, ఈ దేశపు రంగులూ రేఖల వైపు మళ్లించారు. రామారావు గారు బొంబాయి వెళ్లడం వెనక ఆయన ప్రోత్సాహం ఉంది. ఆ తర్వాత బాపిరాజు గారు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో మరో తరం పిల్లలకు పాఠం చెప్పారు. ఒక గురువు ఆగి చూసినందుకు తెలుగువాళ్లకు దక్కినది ఇంత.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పిల్లలు బొమ్మలు వేయడం మానేసే వయసూ, వాళ్లకు బొమ్మ అత్యవసరమయ్యే వయసూ ఒకటే. ఆ మూడు నాలుగేళ్లు చేతిలోంచి కుంచె జారిపోకుండా కాపాడడమే హైస్కూల్లో కళాబోధన. వాళ్లలో ఎంతమంది చిత్రకారులవుతారన్నది ఆ తర్వాతి మాట.

మూడేళ్ల పిల్ల చేతికి సుద్దముక్క ఇస్తే నేలంతా గీసేస్తుంది. ఏడేళ్లకు ఇల్లు, చెట్టు, సూర్యుడు, అమ్మ వచ్చేస్తారు. అమ్మ ఇంటికంటే పొడుగ్గా ఉన్నా ఆ పిల్లకు బెంగ లేదు. అమ్మ ముఖ్యం కాబట్టి పెద్దదిగా వేసింది, అంతే. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి కన్ను మారిపోతుంది. దూరంగా ఉన్నది చిన్నగా కనిపించాలనీ, చెయ్యికి అయిదు వేళ్లూ సరిగ్గా కుదరాలనీ తెలుస్తుంది. కన్ను ముందుకెళ్లిపోయింది, చెయ్యి వెనకబడింది. గొంతు మారే వయసులో పాట తడబడినట్టు గీత తడబడుతుంది. పక్కవాడు నవ్వుతాడు. "నాకు డ్రాయింగ్ రాదు టీచర్" అని ఆ పిల్లవాడు ఒక నిర్ణయానికి వస్తాడు. చాలామందికి అది జన్మంతా ఉండిపోయే నిర్ణయం.

ఈ మలుపును శ్రద్ధగా రాసిపెట్టినవారు విక్టర్ లోవెన్‌ఫెల్డ్. వియన్నాలో చూపులేని పిల్లలకు శిల్పం నేర్పిన యూదు ఉపాధ్యాయుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక దేశం విడిచి అమెరికా చేరారు. 1947లో వచ్చిన ఆయన పుస్తకం 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' చాలాకాలం ప్రపంచమంతటా డ్రాయింగ్ టీచర్లకు పాఠ్యగ్రంథం. పిల్లల బొమ్మ ఏ వయసులో ఎలా మారుతుందో దశలుగా వివరిస్తూ, కౌమారం దగ్గర ఒక సంక్షోభం ఉంటుందని ఆయన చెప్పారు. పిల్లలు తమ పనిని తామే కఠినంగా విమర్శించుకునే దశ అది. అక్కడ టీచరు పక్కన లేకపోతే పిల్లలు ఆగిపోతారు.

అదే వయసులో వాళ్ల లోపల ఏం జరుగుతోందో తల్లిదండ్రులైన మీకు చెప్పక్కర్లేదు. శరీరం మారుతోంది. కులం ఏమిటో, దాని బరువెంతో మొదటిసారి తెలుస్తోంది. ఇంట్లో అప్పులు అర్థమవుతున్నాయి. ఆడపిల్లలకు బయటికి వెళ్లే దారులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. పదో తరగతి పరీక్షలు నెత్తిమీదికి వస్తున్నాయి. వీటన్నిటికీ ఆ పిల్లల దగ్గర మాటలు లేవు. ఉన్నా ఎవరితో అనాలో తెలియదు. నేనెవరినన్న ప్రశ్న మొలిచిన చోటే, దానికి జవాబు వెతుక్కోగల ఒక దారి మూతపడిపోతోంది.

మన హైస్కూలు పిల్లల్ని బొమ్మ వేయమనండి. నూటికి తొంభై మంది 'సీనరీ' వేస్తారు. రెండు కొండలు, మధ్యలో పొద్దు, కొండల్లోంచి దిగే ఏరు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు, ఆకాశంలో అంకెల్లాంటి పక్షులు. కొండలే లేని డెల్టా ఊళ్లోనూ అదే, ఏరు ఎండిన మెట్ట ఊళ్లోనూ అదే. ఆ పిల్లలకు ఊహ లేక కాదు ఇది. ఆ బొమ్మ వేస్తే ఎవరూ నవ్వరు, ఎవరూ తప్పు పట్టరు. అది వాళ్లు దాక్కునే చోటు. నేను సీనరీని ఎప్పుడూ తిట్టలేదు. "ఈ గుడిసెలో ఎవరుంటారమ్మా?" అని అడిగేదాన్ని. కొందరు నవ్వి ఊరుకునేవారు. కొందరు మర్నాడు ఆ గుడిసె తలుపు తెరిచి తెచ్చేవారు.

అలా తెరిచిన తలుపుల్లో ఒకటి చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంటి లోపలి బొమ్మ వేసింది. తాతయ్య, నాన్న, తమ్ముడు, తను అన్నాలకు కూర్చున్నారు. ఇంకో కంచం కూడా పెట్టి ఉంది. దాని ముందు మనిషి లేదు, గోడకు ఆనించిన సెల్‌ఫోను ఉంది. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ బొమ్మ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన తల్లులు మన ఊళ్లలో ఎందరో. ఆ అమ్మాయి క్లాసులో ఆ సంగతి ఎవరితోనూ అని ఎరగదు. బొమ్మ వేశాక కూడా అనలేదు. కానీ గోడకు పెట్టిన ఆ బొమ్మ దగ్గర మరో ఇద్దరు పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. వాళ్ల తల్లులూ కువైట్‌లోనే ఉన్నారు. ముగ్గురూ ఆ ఏడాదంతా ఒకే బెంచీలో కూర్చున్నారు.

ఇంకొక అబ్బాయి పోలవరం ముంపు గ్రామం నుంచి పునరావాస కాలనీకి వచ్చాడు. ఒకే కొలతతో కట్టిన ఇళ్ల వరసల్ని స్కేలు పెట్టి గీశాడు. ప్రతి ఇంటి వెనకా, ఉండడానికి వీల్లేని చోట, తన పాత ఊరి చెట్టును ఒక్కొక్కదాన్ని నిలబెట్టాడు. ఇప్పచెట్టు, చింతచెట్టు, తాడిచెట్టు. పర్‌స్పెక్టివ్ లెక్కన చూస్తే ఆ బొమ్మ నిండా తప్పులే. తను ఏ ఊరివాడో మాత్రం ఆ బొమ్మే చెప్పింది.

అస్తిత్వం అనగానే పెద్ద చర్చ అనుకుంటాం. పిల్లల దగ్గర అది క్రేయాన్ పెట్టెలోనే మొదలవుతుంది. మనిషి ముఖం వేయగానే మన పిల్లలు ఒక లేత గులాబీ ముక్క కోసం వెతుకుతారు. దాన్ని 'స్కిన్ కలర్' అంటారు. ఆ క్లాసులో ఒక్కరి ఒంటికీ ఆ రంగు ఉండదు. అమ్మ బొమ్మ వేసినా, నాయనమ్మ బొమ్మ వేసినా, చివరికి తన బొమ్మే వేసుకున్నా అదే రంగు పూస్తారు. అప్పుడు నేను ఏ ఉపన్యాసమూ ఇచ్చేదాన్ని కాదు. తోట వైకుంఠం గారి చిత్రాల ముద్రణలు తెచ్చి బల్ల మీద పెట్టేదాన్ని. కరీంనగర్ జిల్లా పల్లెలో పుట్టి, బరోడాలో చదివి, చివరికి తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే తిరిగొచ్చిన చిత్రకారుడాయన. నిండైన నల్లని ఒళ్లు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, పచ్చటి చీర, ఎర్రటి రవిక. ఆ ఆడవాళ్లు ఎవరి ముందూ తల దించుకోరు. ఆ బొమ్మలు చూశాక మా పిల్లలు గోధుమరంగు, నలుపు, కాస్త ఎరుపు కలిపి, మోచెయ్యి పక్కన పెట్టి సరిచూసుకునేవాళ్లు. తన ఒంటి రంగును తనే కలిపి తయారుచేసుకున్న పిల్లకు తన మీద తనకున్న చూపు మారుతుంది. నేను కళ్లారా చూసిన సంగతి ఇది.

ఇందాక చెప్పిన లోవెన్‌ఫెల్డ్ కూడా ఇలాంటి పనే చేశారు. అమెరికాలో తొలి రోజుల్లో ఆయన పనిచేసినది వర్జీనియాలో నల్లజాతి విద్యార్థులు చదివే హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1941లో ప్లంబింగ్ నేర్చుకుందామని అక్కడ చేరిన జాన్ బిగ్గర్స్ అనే కుర్రాడు ఆయన సాయంకాలపు తరగతిలో కూర్చున్నాడు. మీ బతుకునే బొమ్మ కట్టండని ఆ గురువు చెప్పాడు. 1943లో ఆ విద్యార్థుల చిత్రాలు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శనకు వెళ్లాయి. బిగ్గర్స్ తర్వాత పేరున్న కుడ్యచిత్రకారుడు, అధ్యాపకుడు అయ్యాడు. జాతి పేరుతో తరిమివేతకు గురైన గురువు, జాతి పేరుతో వెలివేతలో పెరిగిన శిష్యుడు కాగితం మీద కలుసుకున్నారు.

హైస్కూల్లో ఈ పని ఎలా చేయాలో చూపించినవారు మారియన్ రిచర్డ్‌సన్. ఇంగ్లండులో గనులూ కర్మాగారాలూ ఉన్న డడ్లీ పట్నంలో, బాలికల హైస్కూల్లో 1912 నుంచి డ్రాయింగ్ టీచరు. ఆ రోజుల్లో డ్రాయింగ్ అంటే ఎదుట పెట్టిన వస్తువును ఉన్నదున్నట్టు దింపడం. ఆమె పిల్లల్ని కళ్లు మూసుకోమనేది. వీధిలో తను చూసినదాన్ని, దీపాల వెలుగునూ తడిసిన రోడ్డునూ, నెమ్మదిగా మాటల్లో చెప్పేది. మూసిన కళ్ల వెనక కనిపించినదాన్ని వేయమనేది. ఒక్కొక్కరికి ఒక్కో వీధి కనిపించేది. 1917లో విమర్శకుడు రోజర్ ఫ్రై ఆ ఆడపిల్లల బొమ్మలు చూసి, లండన్‌లో తన ఒమెగా వర్క్‌షాప్స్‌లో ప్రదర్శనకు పెట్టారు. రిచర్డ్‌సన్ పద్ధతికి కొత్త సామాను అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పిల్ల కంటి వెనక కూడా ఒక లోకం ఉందని టీచరు నమ్మితే చాలు. మన జిల్లా పరిషత్ స్కూల్లో రేపు పొద్దునే చేయొచ్చు.

ఇక టెరెజిన్. ఈ ఊరి పేరు చెప్పకుండా పిల్లల బొమ్మల గురించి మాట్లాడడం నాకు సాధ్యం కాదు. చెక్ దేశంలో నాజీలు యూదుల్ని కుక్కిన చెర అది. 1942 డిసెంబరులో ఫ్రీడల్ డికర్ బ్రాండైస్‌ను అక్కడికి తరలించారు. జర్మనీలో బౌహౌస్ కళాపాఠశాలలో చదివిన చిత్రకారిణి. వెంట తెచ్చుకోనిచ్చిన కొద్దిపాటి సామానులో ఆమె బొమ్మల సరంజామా పెట్టుకుంది. పిల్లల నివాసాల్లో తరగతులు మొదలుపెట్టింది. కాగితం లేకపోతే వాడేసిన ఆఫీసు ఫారాలు చింపి అతికించి బొమ్మలు చేయించింది. పెద్దవాళ్లు తమ దారినే పిల్లల మీద రుద్దకూడదని తోటి ఉపాధ్యాయులకు చెప్పింది. ఇంకొక పని కూడా చేసింది. ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత సొంత పేరు రాయించింది. పేర్లు తీసేసి అంకెలు తగిలించే చోట అది పిల్లల చేత చేయించిన గొప్ప పని.

1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్ మరణశిబిరానికి తీసుకెళ్లి చంపేశారు. వెళ్లేముందు రెండు పెట్టెల నిండా సుమారు 4,500 బొమ్మలు దాచిపెట్టి వెళ్లింది. అవి ఇప్పుడు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. వేసిన పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు. వాళ్లు పువ్వులు వేశారు, ఇళ్లు వేశారు, సీతాకోకచిలుకలు వేశారు. కింద పేరు ఉంది కాబట్టే ఇవాళ మనం ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, ఇది ఫలానా పిల్ల వేసిందని చెప్పగలుగుతున్నాం.

ఆ టెరెజిన్‌లోనే హెల్గా వైసోవా అనే పన్నెండేళ్ల పిల్ల ఉండేది. మంచుబొమ్మ చేస్తున్న పిల్లల్ని గీసి, వేరే బారకాసులో ఉన్న తండ్రికి రహస్యంగా పంపింది. నువ్వు చూస్తున్నది గీయమని తండ్రి కబురు చేశాడు. అప్పటినుంచి ఆ పిల్ల తిండి కోసం నిలబడ్డ వరసల్ని, అంతస్తుల మంచాల్ని, మూటలతో వచ్చి దిగే మనుషుల్ని గీసింది. ఆష్‌విట్జ్‌కు తీసుకెళ్లేముందు వాటిని బాబాయికి అప్పగిస్తే, ఆయన గోడలో పెట్టి ఇటుకలు కట్టేశాడు. తండ్రి తిరిగి రాలేదు. హెల్గా బతికి వచ్చి చిత్రకారిణి అయింది. ఫ్రీడల్ పిల్లలకు లోపలిది వేసుకునే చోటిచ్చింది. హెల్గా తండ్రి బయటిది చూసే ధైర్యమిచ్చాడు. పద్నాలుగేళ్ల పిల్లకు ఈ రెండూ కావాలి.

ఇక్కడ టీచర్లకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. పిల్లల బొమ్మలో భావం ఉంటుందనగానే దాన్ని చదివేయాలనే తొందర పుడుతుంది. నల్లరంగు ఎక్కువ వాడితే దిగులనీ, చేతులు వేయకపోతే భయమనీ తేల్చేస్తాం. 1926లో ఫ్లారెన్స్ గుడినఫ్ మనిషి బొమ్మతో పిల్లల తెలివిని కొలిచే పరీక్ష తయారుచేసిన నాటి నుంచి బొమ్మల్లోంచి పిల్లల్ని లెక్కగట్టే ఉత్సాహం సాగుతూనే ఉంది. నల్లరంగు ఎక్కువగా ఉండడం పెట్టెలో మిగిలిన ముక్క అదొక్కటే కావడం వల్లనూ కావచ్చు. మనం వైద్యులం కాదు. "ఇందులో ఏముందో చెప్పాలనుంటే చెప్పు" అని అడగాలి. చెప్పకపోతే ఊరుకోవాలి. ఆ పిల్ల ఒప్పుకోకుండా బొమ్మను గోడకెక్కించకూడదు, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, స్టాఫ్‌రూములో కథగా చెప్పుకోకూడదు. అయితే బొమ్మ పక్కనే పిల్ల నోరు విప్పి తనకు జరుగుతున్న కీడు చెబితే, అప్పుడు మౌనం నేరం. లైంగిక వేధింపు సంగతి తెలిసినవారు తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. పిల్లల కోసం 1098, మనసు బాగాలేనివారి కోసం టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. ప్రతి డ్రాయింగ్ గదిలో ఆ రెండూ రాసి ఉండాలి.

చట్టాలూ విధానాలూ మనవైపే ఉన్నాయి. కళల్ని పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సిఫారసు చేసింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు నూరుమందికి మించి పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టరు ఉండాలంది. 2015 నుంచి తొమ్మిది మొదలు పన్నెండో తరగతి వరకు పిల్లలకు కళా ఉత్సవ్ పోటీలు నడుస్తున్నాయి. కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడ ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. బడిలో మాత్రం డ్రాయింగ్ పీరియడు లెక్కల సిలబస్ పూర్తికి పోతుంది. డ్రాయింగ్ మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. పిల్లలు రంగులు ముట్టుకునేది జీవశాస్త్రం రికార్డులో గుండె బొమ్మకూ, ఎవరో ఇచ్చిన నినాదం మీద పోస్టరు పోటీకీ. గుండె బొమ్మలో భాగాలు గుర్తించడం నేర్పుతున్నాం. ఆ గుండెలో ఏముందో వేసుకునే పీరియడు కూడా వాళ్లకు కావాలి.

మన పరీక్షల తీరు కూడా ఆలోచించాలి. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలు మనలో ఎందరికో ఉద్యోగమిచ్చాయి. చెయ్యి తిరగడానికి ఆ సాధన కావాలి, నేను దాన్ని తక్కువ చేయను. వాటిలో చూసేది గీత శుభ్రత, కొలత, పూత. అమెరికా హైస్కూళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఆర్ట్ అండ్ డిజైన్ అనే పరీక్ష ఉంది. అక్కడి మన తెలుగు పిల్లలకూ అది అందుబాటులో ఉంది. అందులో విద్యార్థి తనకు తానే ఒక ప్రశ్న వేసుకుని, దాన్ని వెంటాడుతూ చేసిన పనిని 15 చిత్రాల్లో చూపించాలి, ఆ ప్రశ్న ఏమిటో, పని ఎలా మారుతూ వచ్చిందో మాటల్లో రాయాలి. చేతి పనితనంతో పాటు పిల్లల ప్రశ్నకూ మార్కులున్నాయి. అమెరికా వెళ్లిన తెలుగు పిల్లకు నేనెవరినని అడుగుతూ బొమ్మ వేసే వీలు పరీక్షలోనే ఉంటే, అమలాపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న పిల్లకు ఎందుకు ఉండకూడదు?

కనుక ప్రధానోపాధ్యాయులకు, విద్యాశాఖ అధికారులకు ఈ వేదిక మీంచి నాలుగు విన్నపాలు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు కలిపి ఒకేసారి ఇవ్వండి. నలభై అయిదు నిమిషాల్లో రంగు కలపడమే అవుతుంది. ప్రతి బొమ్మ మీదా పిల్లల చేతే పేరు, తేదీ రాయించండి, ఇష్టముంటే వెనక రెండు వాక్యాలు కూడా. ఏడాదికోసారి బహుమతులు లేని ప్రదర్శన పెట్టండి. బాగా వేసేవాళ్లవే కాకుండా, ఒప్పుకున్న ప్రతి పిల్లదీ అందులో ఉండాలి. ఖాళీగా ఉన్న డ్రాయింగ్ టీచరు పోస్టులు భర్తీ చేయండి. మొదటి మూడింటికీ ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు, హెడ్మాస్టరు సంతకం చాలు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయి నోటుపుస్తకం చివరి పేజీల్లో బొమ్మలుంటే చింపకండి. చదువు పాడవుతోందని భయపడకండి. వాడు తనను తాను వెతుక్కుంటున్న చోటు అది.

వెనక వరసల్లో ఉన్న పిల్లలూ, మీతో కూడా ఒక మాట. మీ గీత వంకరగా ఉందని ఆగిపోకండి. రామారావు గారు ఈ గోదావరి ఒడ్డునే మీ వయసులో గీస్తూ ఉన్నారు. మీరందరూ ఆయనంత చిత్రకారులు కావాలని నేను అడగను. మీ ముఖం, మీ ఇల్లు, మీ కోపం, మీ ఊరు మీ చేత్తో ఒక్కసారైనా వేసుకోకుండా హైస్కూలు దాటొద్దని మాత్రం అడుగుతున్నాను.

జూన్‌లో బడులు తెరిచేటప్పుడు టైమ్‌టేబుల్ రాసే మాస్టార్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. డ్రాయింగ్ పీరియడును పెన్సిలుతో కాకుండా పెన్నుతో రాయండి. దాన్ని ఏ పరీక్షకూ ఎవరికీ అప్పివ్వకండి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే వెళ్లిపోయిన ఆ చిత్రకారుడికి తెలుగు బడులు తీర్చవలసిన బాకీ అది.